ప్రార్థన అంశం

గోరుచిక్కుడు కాయలు ఒక్కొక్కటే తీసుకుని, రెండు కొసలూ తుంచి, ముక్కలుగా విరిచి గిన్నెలో వేస్తోంది జెమీమా. ఎదురుగా కూర్చున్న కరుణమ్మదీ అదే పని. ఆవిడ వేళ్లు చకచకా ఆడుతున్నాయి. జెమీమా వేళ్లు మాత్రం మాటిమాటికీ ఆగిపోతున్నాయి.

"ముదురువి పక్కన పడెయ్యమ్మా. నోటికి పీచు తగిలిందంటే మీ అంకుల్ కంచం ముందు నుంచి లేచిపోతారు," అంది కరుణమ్మ.

"సరే ఆంటీ."

పైన లేవి గది తలుపు గురువారం సాయంత్రం మూసుకుంది. ఇవాళ శనివారం. ఇంట్లో మనిషి ఉన్నాడనడానికి గుర్తుగా అప్పుడప్పుడు పైన నేల చెక్క కిర్రుమంటోంది, అంతే.

"ఏమైనా తిన్నాడా ఆంటీ?"

"తలుపు దగ్గర పళ్లెం పెడితే పెట్టినట్టే ఉంది. మేం పడుకున్నాక దిగొచ్చి పాలల్లో సీరియల్ వేసుకుని తిన్నాడు. గిన్నె కడిగి మరీ బోర్లించి వెళ్లాడు." కరుణమ్మ చిన్నగా నవ్వింది. "అలకలో కూడా శుభ్రమే మావాడికి."

"అది అలక కాదాంటీ."

"మరేంటో నువ్వు చెప్పు. లైఫ్ కోచ్‌వి కదా."

జెమీమా చేతిలోని కాయ వంక చూసింది. "లేవికి శబ్దాలు మనకు వినిపించినట్టు వినిపించవు. అంతమంది ఒకేసారి గట్టిగా ప్రార్థన చేశారు. పైగా చెప్పకుండా తల మీద చెయ్యి వేశారు. తట్టుకోలేకపోయాడు. కోలుకోవడానికి తలుపేసుకున్నాడు. నేను మీకు మొదట్లోనే..."

"పాస్టరమ్మగారు తల మీద చెయ్యేస్తే దానికి కూడా పర్మిషన్ అడగాలా?" కరుణమ్మ వేళ్లు ఆగలేదు. "మా నర్సాపురంలో ఆవిడ చెయ్యి కోసం జనం బారులు తీరేవాళ్లు. వీడు ఆ చేతిని ఈగని తోసినట్టు తోసేశాడు. పదిమంది ముందు కేకలు పెట్టాడు. ముప్పయ్యేళ్లు దగ్గరపడుతున్నాయి వాడికి. నేను తలెక్కడ పెట్టుకోను?"

జెమీమా ఇంకో కాయ తీసుకుంది.

"అయినా ఆ ప్రార్థన అంశం ఇచ్చిందెవరమ్మా?" అంది కరుణమ్మ, చాలా మెత్తగా. "నువ్వే కదా."

కాయ ఫట్టున విరిగింది.

నిజమే. ఇచ్చింది జెమీమానే.

సరస్సు దగ్గర బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఎదురుగా నీళ్లను చూస్తూ మాట్లాడుకోవడం లేవికీ, ఆమెకీ అలవాటు. ఎదురెదురుగా కూర్చోబెట్టి "కళ్లలోకి చూసి మాట్లాడు" అన్నన్నాళ్లూ అతను ఆమెకు ఒక్క మాటా చెప్పలేదు. సర్టిఫికెట్ కోర్సులో నేర్చుకున్నవన్నీ వరసగా అతని మీద ప్రయోగించింది. ఎలా అనిపిస్తోంది అని అడిగితే తెలియదనేవాడు. అయిదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావంటే, అద్దంలో అనేవాడు. ఒకరోజు అతనే చెప్పాడు. "మీరు ప్రశ్నలు ముందు రోజు రాసి పంపండి. జవాబుకు సమయం ఇవ్వండి. నా మొహం చూడకండి." ఆమె అలాగే చేసింది. ఈ వారం ఏం మారితే నీకు సుఖంగా ఉంటుంది అని రాసి పంపింది. ఆ ఒక్క ప్రశ్నకు అతను తన జీవితమంతా తెచ్చి ఆమె ఒళ్లో పోశాడు.

వేరే గది కావాలన్నాడు. తను పనిచేసే ల్యాబ్‌కు నడిచి వెళ్లే దూరంలో ఎమ్మెస్ చదివే కుర్రాళ్లు ఉండే అపార్ట్‌మెంట్‌లో ఒక గది ఖాళీ అవుతోంది. అక్కడైతే రోజూ నాన్న కారులో కూర్చుని ఉపదేశాలు వినక్కర్లేదు. అమ్మ తలుపు తట్టకుండా లోపలికి రాదు. గురువారం గురువారం ఇల్లు నిండా మనుషులు రారు. అమ్మానాన్నలంటే తనకు కోపం లేదనీ, వాళ్ల దగ్గర ఉంటే మాత్రం రోజంతా బిగుతు చొక్కా వేసుకున్నట్టు ఉంటుందనీ చెప్పాడు. ఇవి ఎవరికీ చెప్పవద్దన్నాడు. చెప్పనంది.

ఆ ఆదివారం చర్చి పార్కింగ్ లాట్‌లో కరుణమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మావాడి గురించి ఒక్క ప్రార్థన అంశం ఇవ్వమ్మా. తల్లిని. దేనికోసం మోకరించాలో కూడా తెలియడం లేదు."

జెమీమా పాలకొల్లు చర్చిలో పుట్టి పెరిగిన పిల్ల. ఒకరి మాట ఇంకొకరికి మోస్తే అది చాడీ అవుతుందనీ, అదే మాటకు చివర 'ప్రార్థన చేయండి' అని తగిలిస్తే పరిచర్య అవుతుందనీ ఆమెకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేకపోయింది. గాలిలోనే ఉంది అది. అందుకే చెప్పింది. చెబుతున్నంతసేపూ తాను మాట తప్పుతున్నానని ఆమెకు తట్టనే లేదు.

కరుణమ్మ దాన్ని స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వాళ్లు ఇంకో చర్చి గ్రూపులో పెట్టారు. గురువారం గృహ ప్రార్థనలో, లేవి సోఫా చివర ముడుచుకుని కూర్చుని ఉండగా, అతను పేరు కూడా ఎరగని ఒకావిడ కళ్లు మూసుకుని చేతులెత్తింది. "ప్రభువా, కన్న తల్లిదండ్రులు బిగుతు చొక్కాలా ఉన్నారంటున్న ఈ బిడ్డను జ్ఞాపకం చేసుకో."

లేవి ఎవరి మొహమూ చూడని మనిషి. అప్పుడు తలెత్తి గది అవతలి కొసన ఉన్న జెమీమాను చూశాడు. ఒక్కసారే. ఆ తర్వాతే పాస్టరమ్మగారి చెయ్యి అతని తల మీద పడింది.

"ప్రార్థన చెయ్యమన్నానాంటీ. అందరికీ చెప్పమనలేదు," అంది జెమీమా ఇప్పుడు.

"ఒక్కదాన్నే మోసేంత చిన్న భారమా తల్లీ అది?" కరుణమ్మ గిన్నె దగ్గరికి లాక్కుంది. "సరే. జరిగిందేదో జరిగింది. ఇవాళ ఆ అపార్ట్‌మెంట్ కుర్రాడు నీకు ఫోన్ చేస్తాడటగా?"

జెమీమా ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"రాత్రిళ్లు వాడి ఫోన్ ఛార్జింగ్‌కి ఇక్కడే కదా పెడతాడు."

అంత మామూలుగా చెప్పింది. ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు.

"ఆ నిశాంత్‌కి, వాడితో ఉండే కుర్రాళ్లకి మనవాడి గురించి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పాలట. మావాడు నీ పేరిచ్చాడు. కన్నతల్లి పేరివ్వలేదు చూడు. నువ్వు ఊఁ అంటే గది వీడిదే. ఊహూఁ అంటే ఇంకెవడికో ఇచ్చేస్తారు. ఇప్పుడు అర్థమైందా నిన్ను పొద్దున్నే ఎందుకు రమ్మన్నానో?"

"నేను నిజమే చెబుతానాంటీ. లేవి ఉండగలడు. మీరు అట్లాంటా కన్వెన్షన్‌కి వెళ్లినప్పుడు ఆ రెండు రోజులూ అక్కడే ఉన్నాడు. వండుకున్నాడు, ఉతుక్కున్నాడు. నేను కళ్లారా చూశాను."

కరుణమ్మ మొహంలో రంగు మారింది. "అక్కడున్నాడా? నాకు చెప్పలేదే!"

"మీరు అడగలేదట."

గరాజ్ తలుపు తెరుచుకుంది. కరుణమ్మ భర్త సుందర్ రాజ్ లోపలికి వచ్చాడు. పెరట్లో గడ్డి కోసి వస్తున్నాడు. చర్చిలో పెద్ద, కన్సల్టింగ్ కంపెనీలో డైరెక్టర్. ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. ఆయన గొంతు పెంచకపోవడమంటేనే ఇంట్లో అందరికీ భయం.

"వందనాలు అంకుల్," అని లేవబోయింది జెమీమా.

"కూర్చో, కూర్చోమ్మా. వందనాలు." సింక్ దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగాడు. "కెన్నీ ఎలా ఉన్నాడు? ప్రాజెక్ట్ అయిపోవచ్చినట్టుందిగా?"

"ఈ నెలాఖరుకి అంకుల్."

"ఆఁ, అదే. వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేసేలోపు ఇంకో ప్రాజెక్ట్ చూపించాలి. ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉంటే లాయర్లు ఊరుకోరు. నిన్నే మాట్లాడాను. చాలామంది ఉన్నారు లైన్‌లో." తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "ఏం కంగారు పడకు. మనవాళ్లకి మనం చేసుకోకపోతే ఎవరు చేస్తారు? మనవాళ్లు మన ఇల్లు నిలబెడితే మనం వాళ్ల ఇల్లు నిలబెడతాం. అంతేగా?"

కెన్నీ ఆమె భర్త, సుందర్ రాజ్ కంపెనీలోనే పని. పొద్దున ఆమెను ఇక్కడ దింపుతూ, "అంకుల్‌ని ఒకసారి ప్రాజెక్ట్ సంగతి అడుగు, బాగుండదు కానీ అడుగు," అన్నాడు. అడగక్కర్లేకుండానే జవాబు వచ్చింది.

"ఏమంటుంది మన కోచ్?" అని భార్యను అడిగాడు సుందర్ రాజ్.

"ఉండగలడంటోంది."

"ఎవరు ఉండలేరమ్మా? రెండు రోజులు ఎవరైనా ఉంటారు. మూడో నెలలో ఏ ఫైర్ అలారమో మోగుతుంది. వీడు కేకలు పెడతాడు. పక్కింటివాడు పోలీసులకి ఫోన్ చేస్తాడు. వచ్చిన పోలీసు కళ్లలోకి వీడు చూడడు. చేతులు జేబులో పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పు. ఈ దేశంలో, మన రంగు పిల్లాడికి."

అది అబద్ధం కాదు. అదే జెమీమాకు ఊపిరాడకుండా చేసింది. ఈ భయం గురించి లేవి ఆమెతో మాట్లాడాడు కూడా. పర్సులో పెట్టుకోవడానికి తన సంగతి రాసిన కార్డు ఒకటి కావాలన్నాడు, పోలీసు ఆపితే చూపించడానికి. ఇద్దరూ కలిసి తయారుచేశారు. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. అబిగేల్ దిగివచ్చింది. లేవి తర్వాత ఏడేళ్లకు ఈ దేశంలోనే పుట్టిన పిల్ల. జుట్టు ముడి పెట్టుకుని, ఖాళీ కాఫీ కప్పుతో నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది.

"హాయ్ జెమీమా అక్కా. ఇవాళ ఎవరికోసం ప్రే చేస్తున్నారు? బీన్స్ కోసమా?"

"అబీ, నోరు!" అంది కరుణమ్మ.

"నా నోర్ క్లోజ్ చేస్తే ఏం యూజ్ అమ్మా? హోల్ నార్త్ కరోలైనాకి తెల్సు ఆల్రెడీ." కాఫీ పోసుకుంది. "అక్కా, లేవి అడగమన్నాడు. నిశాంత్ కాల్ చేశాడా?"

"ఇంకా లేదు."

"టెక్స్ట్ పెట్టాడంట మీకు. రిప్లై ఇవ్వలేదంట."

జెమీమా తల వంచుకుంది. ఉదయం వచ్చింది లేవి మెసేజ్. 'గురువారం సంగతి మనం తరువాత మాట్లాడుకోవచ్చు. నాకు కోపం ఉంది. కాని ఈ రోజు గది ముఖ్యం. నిశాంత్ అడిగితే మీరు చూసినది చెప్పండి.' చిన్నప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని బైబిల్ చదివి తెలుగు నేర్చుకున్నాడు లేవి. మాట్లాడినా రాసినా పొల్లుపోదు.

"బ్యాగ్ ప్యాక్ చేసేశాడు," అంది అబిగేల్. "షూస్ వేసుకుని బెడ్ మీద కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. లైక్, ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్నట్టు."

"బూట్లా? కార్పెట్ మీద?" అంది కరుణమ్మ.

సుందర్ రాజ్ కుర్చీ లాక్కుని జెమీమా పక్కన కూర్చున్నాడు. గిన్నెలో కాయముక్కలు పడుతున్న చప్పుడొకటే.

అప్పుడు మోగింది ఫోన్.

కొత్త నంబరు. జెమీమా ఫోన్ తీసుకుని లేవబోయింది. సుందర్ రాజ్ బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. "ఇక్కడే మాట్లాడమ్మా. మనమేం పరాయివాళ్లం?" కరుణమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, స్పీకర్ గుర్తు మీద తనే వేలితో నొక్కింది.

"హలో, జెమీమా అక్కనా? నమస్తే అక్కా. నేను నిశాంత్‌ని మాట్లాడుతున్న. లేవి బ్రో నీ నంబర్ ఇచ్చిండు."

"నమస్తే నిశాంత్. చెప్పు."

"ఏం లేదక్కా, జస్ట్ ఫార్మాలిటీ. నాకైతే లేవి బ్రో ఫుల్ ఓకే. పోయిన నెల ఒక వీకెండ్ ఉన్నడు కదా, పోయేముందు బాత్రూం కడిగి పోయిండక్కా! మావోళ్లు షాక్. మా అపార్ట్‌మెంట్ హిస్టరీలనే ఎవడు కడగలే దాన్ని." అతను నవ్వాడు. జెమీమా పెదవుల మీదికి కూడా నవ్వు వచ్చి, కరుణమ్మ కళ్లను చూసి ఆగిపోయింది. "కానీ అక్కా, ఒక్క డౌట్. మా రూమ్మేట్ వాళ్ల ఆంటీ ప్రేయర్ గ్రూప్‌ల ఏదో మెసేజ్ వచ్చిందంట. లేవి బ్రో మొన్న లొల్లి చేసిండు, ఎవరో పెద్దామె మీద చెయ్యి లేపిండు అని. నిజమేనా?"

అబిగేల్ కాఫీ కప్పు దించింది. "వాట్?"

సుందర్ రాజ్ వేలు పెదవి మీద పెట్టుకుని కూతురి వంక చూశాడు.

లేదు. అబద్ధం. ఆవిడే చెప్పకుండా తల పట్టుకుంది, అతను ఆ చెయ్యి తీసేశాడు, అంతే. ఇంతే చెప్పాలి. జెమీమా నాలుక చివర ఉంది అది.

"అలా... ఏం కాదు," అంది. "కొంచెం డిస్టర్బ్ అయ్యాడు."

"అంటే, కొట్టిండా అక్కా?"

"కొట్టడం కాదు నిశాంత్. చూడు, లేవి చాలా మంచివాడు. చాలా ఇంటెలిజెంట్. కాకపోతే... ప్రతి మనిషికీ ఒక సపోర్ట్ సిస్టం కావాలి కదా. కొన్ని సిచువేషన్స్‌లో తనకి ఫ్యామిలీ దగ్గరుంటే..." తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. కోర్సులో వీడియోల్లో మాట్లాడే మనిషి గొంతులా. "అదొక జర్నీ."

"నాకు సమజ్ కాలేదక్కా. సాఫ్‌గ చెప్పు. మాతోని ఉండగలుగుతడా, లేడా? వేరే పోరడు కూడా వెయిట్ చేస్తుండు, ఇవాళే చెప్పాలె."

సుందర్ రాజ్ బల్ల మీద పడిన ఒక కాయ తొడిమను చూపుడు వేలితో మెల్లగా పక్కకు జరిపాడు.

"ఇప్పుడే కాదేమో," అంది జెమీమా.



"అట్లనా. సరే అక్కా, అర్థమైంది. థాంక్స్."

ఫోన్ ఆగిపోయింది.

"స్తోత్రం," అంది కరుణమ్మ కళ్లు మూసుకుని.

"బాగా చెప్పావమ్మా," అన్నాడు సుందర్ రాజ్. "అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు." లేచి ఫ్రిజ్ తెరిచాడు. "భోజనం చేసి వెళ్లు. కెన్నీని కూడా రమ్మను. ఆ ప్రాజెక్ట్ సంగతి ఇక్కడే మాట్లాడేసుకుందాం."

అబిగేల్ కదలకుండా నిలబడింది. "యూ నో వాట్, అక్కా? అమ్మ, నాన్న ఎలా ఉంటారో లేవికి తెల్సు. వాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉంటాడు. మీరు ఎలా ఉంటారో తెలీలేదు. పాపం, దట్స్ హిజ్ ఓన్లీ మిస్టేక్."

"నీకు తెలియదు అబీ, నా పరిస్థితి..."

"నాకు తెలీక్కర్లేదు. లేవికి చెప్పుకోండి."

పైన తలుపు తెరుచుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒక్కో మెట్టూ సమానంగా. లేవి కిందికి వచ్చి వంటగది గుమ్మంలో ఆగాడు. భుజానికి నీలం బ్యాగు. హెడ్‌ఫోన్స్ మెడ చుట్టూ దించుకున్నాడు. చేతిలో ఫోన్.

"బూట్లు విప్పు నాన్నా, కార్పెట్ పాడవుతుంది," అంది కరుణమ్మ. రెండు రోజుల తర్వాత కనిపించిన కొడుకుతో ఆవిడ అన్న మొదటి మాట అది.

లేవి ఆవిడ వైపు చూడలేదు. బల్ల మీది గిన్నె వంక చూస్తూ ఫోన్ పైకెత్తి చదివాడు.

"'సారీ బ్రో. మీ కోచ్ అక్క ఇప్పుడే కాదు అని చెప్పింది. రూం వేరే వాళ్లకు ఇచ్చినం. టేక్ కేర్.'" ఫోన్ దించాడు. "ఇది మీరు చెప్పారా?"

"లేవీ, ముందు కూర్చో. నెమ్మదిగా మాట్లాడుకుందాం..."

"చెప్పారా, చెప్పలేదా?"

జెమీమా రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది. "చెప్పాను."

అతను అరుస్తాడని అనుకుంది. నమ్మించి గొంతు కోశారంటాడని అనుకుంది. ఆ మాటలు పడడానికి భుజాలు బిగించుకుని, తిరిగి ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. క్షమించు అనాలి. కెన్నీ సంగతి చెప్పాలి.

లేవి తల ఊపాడు. లెక్క సరిపోయినప్పుడు ఊపినట్టు.

"సరే. మీరు నన్ను అన్నిసార్లు చూశారు. మీకు తెలుసు. కాబట్టి నేను ఏదో ఒక పని సరిగా చేయలేదు. ఆ పని ఏమిటి?"

జెమీమాకు అర్థం కాలేదు. "ఏంటి?"

"ఆ రెండు రోజులలో నేను అన్నం వండాను. గిన్నెలు కడిగాను. బట్టలు ఉతుక్కున్నాను. వాళ్లు సినిమా గట్టిగా పెట్టినప్పుడు, నాకు శబ్దం ఎక్కువైంది, గదిలోకి వెళ్తున్నాను అని చెప్పి వెళ్లాను. అలా చెప్పాలని మనం అనుకున్నాము. చెప్పాను. వాళ్లకు కోపం రాలేదు. అంతా బాగుంది అనుకున్నాను." బ్యాగు పట్టీ రెండో భుజానికి మార్చుకున్నాడు. "కాని మీరు ఇప్పుడే కాదు అన్నారు. అంటే నాకు కనబడని తప్పు ఒకటి మీకు కనబడింది. అది చెప్పండి. దిద్దుకుంటాను."



అతను నిందించడానికి రాలేదు. ఆమె మాట నమ్మి వచ్చాడు. ఇంకా నమ్ముతూనే ఉన్నాడు.

"గురువారం నేను చెయ్యి తోసివేశాను. అదేనా?" అన్నాడు లేవి. "అదే అయితే నేను సాధన చేయగలను. ఎవరైనా తల మీద చెయ్యి పెడితే ఎంతసేపు ఓర్చుకోవాలో చెప్పండి. అబిగేల్‌తో సాధన చేస్తాను."

"లేవీ, స్టాప్," అంది అబిగేల్. "నువ్వు ఏం రాంగ్ చెయ్యలేదు. అక్కని వీళ్లు..."

"అబీ," అన్నాడు సుందర్ రాజ్.

"నిన్ను అడగలేదు అబిగేల్. నువ్వు నన్ను అక్కడ చూడలేదు. ఆమె చూసింది." లేవి కళ్లు ఇంకా గిన్నె మీదే ఉన్నాయి. "చెప్పండి."

కరుణమ్మ స్టవ్ దగ్గరికి నడిచి బాణలి పెట్టింది. "అంత బతిమాలి అడుగుతున్నాడు కదమ్మా. చెప్పు. వాడి మంచికేగా."

"చెప్పమ్మా జెమీమా," అన్నాడు సుందర్ రాజ్. గ్లాసులో మజ్జిగ పోసి, తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "దాచుకోవడం దేనికి? నీకేం కనబడిందో చెప్పు. మేం కూడా వింటాం."

ఏమీ లేదు. అతను చేసిన తప్పు ఏమీ లేదు.

రెండే మాటలు. ఏమీ లేదు. ఆ మాటలు పైకి అంటే నిశాంత్‌కు చెప్పింది అబద్ధమవుతుంది. ఎందుకు చెప్పిందో చెప్పాల్సి వస్తుంది. చెబితే నెలాఖరున కెన్నీ ముందు ఏ తలుపు మూసుకుంటుందో ఆమెకు తెలుసు. అనకపోతే, ఎదురుగా నిలబడిన ఈ మనిషి చెయ్యని తప్పు కోసం ఇవాళ్టి నుంచి తనలో తాను వెతుక్కుంటూ ఉంటాడు. అతను వెతకడం మొదలుపెడితే ఆపడు. అదీ ఆమెకు తెలుసు.

మజ్జిగ గ్లాసు చుట్టూ చెమ్మ పట్టింది.

లేవి ఎదురుచూస్తున్నాడు. తొందర పెట్టడం లేదు. ఆలోచించుకుంటోందనుకుని, ఆమె మొహం వైపు చూడకుండా, ఆమెకు కావలసినంత సమయం ఇస్తున్నాడు.

జెమీమా లేచింది.

కుర్చీకి తగిలించిన సంచీ తీసుకుంది. బల్ల చుట్టూ తిరిగి గుమ్మం వైపు నడిచింది. లేవి ఆమెకు దారి ఇవ్వడానికి గోడ వైపుకు ఒదిగాడు, తన చెయ్యి ఆమెకు తగలకుండా. అబిగేల్ చూపు ఆమె వీపుకు అంటుకునే ఉంది.

"అప్పుడే ఎక్కడికమ్మా? వంకాయ కూడా చేస్తున్నాను," అంది కరుణమ్మ.

చెప్పుల్లో కాళ్లు దూరడం లేదు. ఒక చెప్పు చేత్తో పట్టుకుని తొడుక్కుంది. వెనక నుంచి లేవి గొంతు వినిపించింది. "ఇక్కడ చెప్పడం కష్టమైతే రాసి పంపవచ్చు. నేను ఆగుతాను."

తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

బాణలిలో నూనె చిటపటలాడింది. ఆ చప్పుడు మీదుగా కరుణమ్మ కొడుకుతో మాట్లాడింది, ఎంతో ప్రేమగా, చంటిపిల్లాడికి అన్నం కలిపి పెడుతున్నప్పటి గొంతుతో.

"చూశావా నాన్నా. నీ మొహం మీద చెప్పలేక వెళ్లిపోతోంది పాపం. ఒకటో రెండో అయితే చెప్పేదే. అన్ని ఉన్నాయన్నమాట."

జెమీమా తలుపు తీసి బయటికి నడిచింది.